ఇంటికి ఏ ఇంటర్నెట్ లైను తీసుకోవాలి?

(సమాఖ్య వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నాకు ఇచ్చిన విషయం చూసి పొద్దున టీ దగ్గర ఒక పెద్దాయన నవ్వారు. "నేతోళ్ళ సభల ఇంటర్నెట్ ముచ్చట ఏందిరా?" అన్నారు. "అది గూడ పోగే గద మామా, ఇంటిదాక ఎట్ల తెచ్చుకోవాలన్నదే ముచ్చట" అన్నాను. నేను ఈ లైన్లు వేసే, బాగుచేసే పనిలో ఉన్నవాణ్ణి. పండక్కి పోయినా, పెళ్ళికి పోయినా మనవాళ్ళు అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "ఏ కంపెనీది మంచిది?" ఈరోజు నేను ఏ కంపెనీ పేరూ చెప్పను. ఎందుకంటే ఆ ప్రశ్నే సరిగ్గా లేదు. సోలాపూర్‌లో ఒక గల్లీలో బాగా నడిచే కంపెనీ పక్క గల్లీలో నడవకపోవచ్చు. అడగాల్సింది రెండు. మా ఇంటి నుంచి బయటికి ఏం పంపుతున్నాం? మా వీధి స్తంభం నుంచి మా గుమ్మం దాకా వచ్చేది ఏ రకం లైను? ఈ రెండూ తెలిస్తే మిగతా లెక్క తేలిపోతుంది.

ఇది ఎందుకంత ముఖ్యం అంటారా? మన ఇళ్ళలో ఇప్పుడు ఏం జరుగుతోందో చూడండి. చీర మగ్గం దిగగానే కోడలు ఫోటో తీసి వాట్సాప్‌లో పెడుతుంది. పెద్దబ్బాయి జీఎస్టీ రిటర్ను వేస్తాడు. చిన్నమ్మాయి ఆన్‌లైన్ క్లాసు వింటుంది. దూరదేశంలో ఉన్న కొడుకుతో తాత వీడియోలో మాట్లాడతాడు. నేసిన మనిషికీ కొన్న మనిషికీ మధ్య ఇద్దరు ముగ్గురు దళారులు ఉండే రోజుల్లో మన తండ్రులు ధర వాళ్ళు చెప్పిందే తీసుకున్నారు. ఇవాళ కొనేవాళ్ళకు మనమే నేరుగా చీర చూపించగలం. కానీ చూపించేటప్పుడు బొమ్మ ఆగిపోతే, "నెట్ లేదండీ, రేపు చేస్తాను" అంటే, ఆ రేపు ఆ అమ్మగారు ఇంకొకరి దగ్గర కొనేస్తుంది. అందుకే మంచం, బీరువా కొన్నంత ఆలోచనతోనే లైను కూడా తీసుకోవాలి.

వేగం అంటే ఏమిటి?

మన జకార్డు మగ్గం అట్టలు మీ అందరికీ తెలిసినవే. అట్టలో బెజ్జం ఉంటే ఒక పని, లేకపోతే ఇంకో పని. 1804 ప్రాంతంలో ఫ్రాన్సులో జోసెఫ్ మేరీ జకార్డు దాన్ని తయారుచేశాడు. కంప్యూటరు పద్ధతి కూడా ఇదే: ఉంది, లేదు, ఒకటి, సున్నా. ఒక్కో "ఉంది–లేదు"ను బిట్ అంటారు. 100 ఎంబీపీఎస్ లైను అంటే సెకనుకు 10 కోట్ల బెజ్జాలు చదివే మగ్గం అన్నమాట.

ఇక్కడ చాలామంది పొరపడే చోటు ఒకటుంది. ఫోనులో ఫోటో సైజు 4 ఎంబీ అని చూపిస్తుంది. అది బైట్ల లెక్క. లైను వేగం బిట్ల లెక్క. ఒక బైటుకు 8 బిట్లు. కాబట్టి 4 ఎంబీ ఫోటో అంటే 32 మెగాబిట్లు. 100 ఎంబీపీఎస్ లైను మీద సెకనుకు 100 ఎంబీ దిగదు, గట్టిగా 12 ఎంబీ దిగుతుంది. కంపెనీ మోసం చేసిందని అనుకోవద్దు, లెక్క వేరు.

రెండో మాట ఇంకా ముఖ్యం. వేగం రెండు వైపులా ఉంటుంది. దిగేది డౌన్‌లోడు. ఎక్కేది అప్‌లోడు. ప్రకటనలో పెద్ద అక్షరాలతో వేసేది దిగే వేగమే. సినిమా చూసేవాళ్ళకు అది చాలు. కానీ మనం అమ్మేవాళ్ళం, పంపేవాళ్ళం. మనకు ఎక్కే వేగమే అన్నం పెడుతుంది.

ఒక లెక్క చెప్తాను. పండగ ముందు 50 చీరల ఫోటోలు, ఒక్కోటి 4 ఎంబీ, అసలు సైజులోనే ఒక షాపు ఆయనకు పంపాలి. మొత్తం 1,600 మెగాబిట్లు. ఎక్కే వేగం 1 ఎంబీపీఎస్ ఉన్న పాత లైను మీద ఎంతలేదన్నా 27 నిమిషాలు. మధ్యలో లైను తెగితే మళ్ళీ మొదలు. ఎక్కే వేగం 50 ఉన్న లైను మీద అదే పని 32 సెకన్లు. రెండు లైన్లూ ఇంట్లో సినిమా చూపిస్తాయి. వ్యాపారం చేయించేది రెండోదే.

మన గుమ్మానికి వచ్చే దారులు

మొదటిది పాత టెలిఫోను రాగి తీగ. మన దేశంలో జనానికి ఇంటర్నెట్ వచ్చింది 1995 ఆగస్టు 15న. అప్పుడు టెలిఫోను డయల్ చేసి, కీచుకీచుమని శబ్దం చేసే మోడెం పెట్టి చూసేవాళ్ళం. 2004లో ప్రభుత్వం బ్రాడ్‌బ్యాండ్ అంటే కనీసం 256 కేబీపీఎస్ అంది. 2013లో దాన్ని 512 చేశారు. 2023 నుంచి 2 ఎంబీపీఎస్ ఉంటేనే ఆ పేరు. ఇరవై ఏళ్ళలో కొలబద్ద ఎంత మారిందో చూడండి. రాగి తీగ మీద నడిచే ఏడీఎస్ఎల్ ఎక్స్ఛేంజి పక్కనే ఉంటే 20 ఎంబీపీఎస్ దాటి దిగగలదు. రెండు మూడు కిలోమీటర్లు దూరమైతే అది బాగా పడిపోతుంది. ఎక్కే వేగం ఎప్పుడూ తక్కువే. పైగా రాగి తీగకు విద్యుత్ గోల అంటుకుంటుంది. సాంచెల మోటార్లు తిరిగే కార్ఖానా పక్కన ఈ లైను మాటిమాటికీ తెగడానికి అదొక కారణం. ఇప్పటికీ ఇది ఉన్నవాళ్ళు ఫైబరుకు మారగలిగితే మారండి. పాత నంబరు అలాగే ఉంచుకోవచ్చేమో మీ ఎక్స్ఛేంజిలో అడగండి.

రెండోది టీవీ కేబుల్ లైను. లావుపాటి నల్ల తీగ, లోపల రాగి. దిగే వేగం బాగానే ఉంటుంది, ఎక్కేది అంతకంటే చాలా తక్కువ. దీనికి ఇంకో సంగతి ఉంది. దారిలో స్తంభాల మీద సిగ్నల్ పెంచే పెట్టెలు ఉంటాయి. వాటికి కరెంటు కావాలి. మీ ఇంట్లో ఇన్వర్టరు ఉన్నా వీధిలో ఆ పెట్టెకు కరెంటు పోతే నెట్ పోతుంది.

మూడోది ఫైబరు. గాజు పోగు. మొత్తం గాజు మందం మిల్లీమీటరులో ఎనిమిదో వంతు. అందులో వెలుగు ప్రయాణించే నడిమి భాగం సుమారు 9 మైక్రాన్లు, ఇంచుమించు పట్టుగూటి నుంచి వచ్చే ఒంటిపోగు అంత సన్నం. పట్టు తెలిసిన మనకు ఆ సన్నదనం ఎలాంటిదో వేరే చెప్పక్కర్లేదు. అందులో పోయేది కరెంటు కాదు, వెలుగు. కాబట్టి సాంచెల మోటార్ల గోల దానికి అంటదు. దూరం పోయినా వేగం తగ్గదు. ఎక్స్ఛేంజి నుంచి ఇంటిదాకా అంతా ఫైబరే అయితే దారిలో వెలుగును పంచే పెట్టెకు కరెంటు అక్కరలేదు. ఒక పోగును సాధారణంగా 32 లేదా 64 ఇళ్ళకు పంచుతారు. మొత్తం 2.5 గిగాబిట్లు దిగుతాయి, 1.25 ఎక్కుతాయి. పంచుకున్నా ఇంటికి సరిపడా వస్తుంది.

కానీ ఇక్కడ జాగ్రత్త. "మాది ఫైబరే అన్నా" అని చెప్పి, స్తంభం దాకా ఫైబరు తెచ్చి, అక్కడ ఒక స్విచ్ పెట్టె పెట్టి, ఇంట్లోకి మాత్రం ల్యాన్ తీగ లాగేవాళ్ళు చాలామంది ఉన్నారు. అది చెడ్డదని కాదు. కొన్నిచోట్ల బాగానే నడుస్తుంది. కానీ స్తంభం మీది పెట్టెకు కరెంటు పోతే నెట్ పోతుంది. పిడుగులు పడే రోజుల్లో రాగి తీగ గుండా దెబ్బ వచ్చి రూటరు కాలిపోవచ్చు. అందుకని "ఇంట్లోపలికి వచ్చేది గాజు పోగా, ల్యాన్ తీగా?" అని అడగండి. గాజు పోగైతే గోడ మీద ఓఎన్‌టీ అనే పెట్టె పెడతారు.

నాలుగోది గాలి దారి, అంటే 5జీ మీద వచ్చే ఇంటి నెట్. మన దేశంలో 5జీ 2022 అక్టోబరు 1న మొదలైంది. మరుసటి ఏడాదే డాబా మీద ఒక పెట్టె బిగించి, కింద ఇంట్లో వైఫై ఇచ్చే పద్ధతి వచ్చింది. తీగ లాగే పని లేదు, ఒక్క రోజులో అయిపోతుంది. ఫైబరు రాని కాలనీలకు, ఊరి చివర ఇళ్ళకు ఇది మంచి వరం. అయితే ఆ టవరును చుట్టుపక్కల ఫోన్లన్నీ వాడుకుంటాయి. సాయంత్రం ఏడు నుంచి పది దాకా వేగం తగ్గవచ్చు. ఎక్కే వేగం దిగేదానికంటే బాగా తక్కువ. టవరుకూ మీ డాబాకూ మధ్య పెద్ద బిల్డింగు లేస్తే సిగ్నల్ పోతుంది. అద్దె ఇల్లయితే డాబా ఎక్కడానికి ఇంటాయన ఒప్పుకోవాలి.

ఐదోది ఏ లైనూ లేకుండా ఫోను డేటాతోనే కాలం గడపడం. నేను లైన్ల పనిలో ఉండి కూడా చెప్తున్నాను, కొన్ని ఇళ్ళకు ఇదే సరైనది. ఆ లెక్క ఇప్పుడే చెప్తాను.

ఆరోది ఉపగ్రహం. పాత పద్ధతిలో ఉపగ్రహం సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తులో ఉంటుంది. మాట పోయి జవాబు రావడానికి అర సెకనుకు పైగా పడుతుంది, వీడియోలో మాట్లాడితే ఇద్దరూ ఒకేసారి మాట్లాడినట్టు ఉంటుంది. కొత్తగా 550 కిలోమీటర్ల ఎత్తులో తిరిగే చిన్న ఉపగ్రహాలు వచ్చాయి, వాటితో ఆ ఆలస్యం బాగా తగ్గింది. మన దేశంలోనూ ఇలాంటి కంపెనీలకు లైసెన్సులు ఇచ్చారు. కొండ ప్రాంతాల వాళ్ళకు ఇది ఆశ. టౌనులో ఉన్న మనకు అవసరం లేదు.

డబ్బు లెక్క

ఇప్పుడు కాగితం తీయండి. నేను చెప్పే ధరలు లెక్క కోసం అనుకున్నవి. మీ ఊరి ధరలు పెట్టి మీరు వేసుకోండి.

ముందు ఒక సంగతి. 28 రోజుల రీచార్జి అంటే ఏడాదికి 12 కాదు, 13 సార్లు. ఇంట్లో నాలుగు ఫోన్లు, ఒక్కోటి 300 అనుకుందాం. ఏడాదికి 15,600 రూపాయలు. ఇప్పుడు నెలకు 500 ఉన్న లైను తీసుకున్నాం. దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపితే 590. ఏడాదికి 7,080. ఇంట్లో వైఫై ఉంది కాబట్టి బయట తిరిగే ఒక్కరి ఫోను 300 మీదే ఉంచి, మిగతా మూడు 150 ప్యాకుకు దించాం. ఫోన్లకు 9,750. మొత్తం 16,830. అంటే ఏడాదికి 1,230 ఎక్కువ, నెలకు వంద రూపాయల చిల్లర. ఆ వందకు పిల్లల చదువు, టీవీ, ఫోటోలు, కార్ఖానా కెమెరా అన్నీ కొరత లేకుండా నడుస్తాయి. ఈ ఇంటికి లైను తీసుకోవడమే మంచిది.

అదే ఇంట్లో ఇద్దరే పెద్దవాళ్ళు, రెండే ఫోన్లు అనుకోండి. ఇప్పుడు అయ్యేది 7,800. లైను తీసుకుని ఫోన్లు రెండూ 150కి దించితే 10,980. మూడు వేలకు పైగా ఎక్కువ. యూపీఐ, వాట్సాప్, ఆదివారం మనవడితో మాటలు – ఇంతే అయితే లైను వద్దు. ఎవరో చెప్పారని తీసుకోవద్దు.

ఇంకో ఉపకారం కూడా ఉంది. మాటలకు, ఎస్సెమ్మెస్‌లకు మాత్రమే పనికొచ్చే ప్యాకులు కూడా కంపెనీలు పెట్టాలని ట్రాయ్ 2024 డిసెంబరులో ఆదేశించింది. ఇంట్లో వైఫై ఉంటే నానమ్మ ఫోనుకు డేటా కొనాల్సిన పని లేదు. దుకాణంలో ఇలాంటి ప్యాకు గురించి వాళ్ళంతట వాళ్ళు చెప్పరు, మీరే అడగాలి.

వేగం ఎంత తీసుకోవాలి అంటే, మంచి బొమ్మతో ఒక వీడియో చూడ్డానికి సుమారు 5 ఎంబీపీఎస్ చాలు. ఒక వీడియో కాల్‌కు అటు ఇటు రెండేసి చాలు. నలుగురైదుగురు ఉన్న ఇంటికి 50 నుంచి 100 ధారాళంగా సరిపోతుంది. 300, 500 అని పైకి ఎక్కించే ప్లాన్లు మన ఇళ్ళలో చాలావరకు వృథా. ఆ డబ్బుతో ఒక చిన్న బ్యాటరీ పెట్టె కొనుక్కోండి.

ఏ ఇంటికి ఏది

సొంతిల్లు, కింద కార్ఖానా, పైన కాపురం: ఇంట్లోపలికి వచ్చే ఫైబరు. వేరే ఆలోచన వద్దు. ఎక్కేదీ దిగేదీ సమానంగా ఇచ్చే ప్లాను ఉంటే అదే అడగండి. సాంచెల మధ్య వైఫై సరిగ్గా పోదు. ఇనుము, రేకుల షెడ్డు, బీరువా – ఇవన్నీ సిగ్నల్‌ను అడ్డుకుంటాయి. పై ఇంటి రూటరు నుంచి కిందికి ఒక ల్యాన్ తీగ లాగి అక్కడ ఇంకో చిన్న వైఫై పెట్టె పెట్టండి. కెమెరాలు ఉంటే వాటిని తీగతోనే కలపండి.

అద్దె ఇల్లు, ఏడాదికో రెండేళ్ళకో మారేవాళ్ళు: ఏడాది డబ్బు ముందే కట్టే ప్లాన్లకు పోవద్దు. "నెలకు ఇంత తగ్గుతుంది" అంటారు. ఇల్లు మారిన వీధికి వాళ్ళ లైను లేకపోతే కట్టిన డబ్బు చిక్కుకుపోతుంది. నెల నెలా కట్టే ఫైబరు, లేదా 5జీ పెట్టె చూసుకోండి.

భివండి, ముంబయి వైపు చాళ్ళలో, చిన్న గదుల్లో ఉండేవాళ్ళు పక్కపక్క ఇళ్ళు కలిసి ఒకే లైను పంచుకుంటున్నారు. ఖర్చు తగ్గుతుంది, నిజమే. కానీ లైను ఎవరి పేరున ఉంటే దాని మీద జరిగే ప్రతి పనికీ ముందు పోలీసులు అడిగేది వాళ్ళనే. అన్నదమ్ములైతే సరే. ముక్కూమొహం తెలియని వాళ్ళకు పాస్‌వర్డు ఇవ్వొద్దు.

బరంపురం, యానాం వాళ్ళకు ప్రత్యేకంగా ఒక మాట. మీది తుఫాను తీరం. 2013 అక్టోబరులో ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు, 1996 నవంబరు తుఫానులో కోనసీమ, యానాం దెబ్బతిన్నప్పుడు స్తంభాలు ఎలా కూలాయో మీ పెద్దలు చెప్తారు. స్తంభం కూలితే దాని మీది ఫైబరూ తెగుతుంది. కాబట్టి మీరు లైను తీసుకున్నా, ఇంట్లో ఒక ఫోనులో వేరే కంపెనీ సిమ్ ఉంచండి. లైనూ సిమ్మూ ఒకే కంపెనీవి అయితే రెండూ ఒకేసారి పోయే అవకాశం ఎక్కువ.

సంతకం పెట్టేముందు అడగాల్సినవి

అక్కలూ, ఇది మీరే అడగండి. మగవాళ్ళం "సరేలే" అనేస్తాం.

ఒకటి, ఎక్కే వేగం ఎంత? దాన్ని బిల్లులోనో ప్లాను కాగితంలోనో చూపించమనండి.

రెండు, నెలకు ఇంత డేటా అని హద్దు ఉందా? దాటితే వేగం ఎంతకు పడిపోతుంది?

మూడు, చెప్పిన ధర జీఎస్టీతో కలిపా, విడిగానా? మొదటి మూడు నెలల ఆఫరు తర్వాత ధర ఎంత?

నాలుగు, రూటరు మనదా, కంపెనీదా? లైను మానేస్తే డిపాజిట్ ఎలా తిరిగిస్తారు?

ఐదు, లైను తెగితే బాగుచేసేవాళ్ళు మన ఊళ్ళో ఉన్నారా? ఇది అన్నిటికంటే ముఖ్యం. మీ గల్లీలో అదే లైను ఉన్న రెండు ఇళ్ళకు వెళ్ళి "పోయినసారి తెగినప్పుడు ఎన్ని రోజులకు వచ్చారు?" అని అడగండి. ప్రకటనలో దొరకని సమాచారం పక్కింటి ఆమె దగ్గర దొరుకుతుంది. వీలైతే రాత్రి ఎనిమిదింటికి వాళ్ళ ఫోనులో వేగం కొలిచి చూడండి. పొద్దున పదింటికి అన్ని లైన్లూ బాగానే నడుస్తాయి.

ఆధార్ కాగితాలు మీ కళ్ళముందే ఇవ్వండి. కాపీ మీద "ఇంటర్నెట్ కనెక్షన్ కోసం" అని రాసి తేదీ వేయండి. ఓటీపీ ఎందుకు వచ్చిందో మెసేజి పూర్తిగా చదివిన తర్వాతే చెప్పండి. డబ్బుకు సంబంధించిన ఓటీపీ అయితే ఎవరడిగినా చెప్పొద్దు.

పెట్టించుకున్నాక

ఫైబరు తీగను మేకు చుట్టూ మెలిపెట్టి కట్టనివ్వకండి. గాజు పోగు గట్టిగా వంగితే వెలుగు కారిపోతుంది. చుట్టలా వదులుగా ఉంచమనండి. ఓఎన్‌టీ మీద ఎల్ఓఎస్ అన్న చోట ఎర్రదీపం వెలిగితే ఇంటిదాకా వెలుగు రావడం లేదని అర్థం. అప్పుడు రూటరు పదిసార్లు ఆపి వేసినా లాభం లేదు, ఫిర్యాదు చేయడమే.

రూటరు ఇంటి మధ్యలో, ఎత్తున పెట్టండి. మన ఇళ్ళలో దూది పీచు ఎగురుతుంటుంది. అది రూటరు కన్నాల్లో పేరుకుంటే లోపల వేడెక్కి పాడవుతుంది. నెలకోసారి పెట్టె ఆపి పొడిబట్టతో తుడవండి. మగ్గం పక్కన మాత్రం పెట్టొద్దు. వైఫైలో 2.4 అని, 5 అని రెండు పేర్లు కనిపిస్తే, 2.4 గోడలు దాటి దూరం పోతుంది, 5 దగ్గర్లో వేగంగా ఉంటుంది. వెనక గదికి 2.4, టీవీకి 5 పెట్టుకోండి. పెట్టెతోపాటు వచ్చిన పాస్‌వర్డును మొదటి రోజే మార్చండి.

ఈ పెట్టెలు చాలావరకు 12 వోల్టుల మీద నడుస్తాయి. రూటరు కోసమే చిన్న బ్యాటరీ పెట్టెలు అమ్ముతారు. కరెంటు పోయినా కొన్ని గంటలు నడుస్తుంది. పరీక్ష రోజుల్లో పిల్లలున్న ఇంటికి ఇది తప్పనిసరి.

లైను తెగితే స్థానిక కుర్రాడికి ఫోన్ చేసి ఊరుకోవద్దు. కంపెనీ నంబరుకు ఫిర్యాదు చేసి డాకెట్ నంబరు తీసుకోండి. అది లేకపోతే మీరు ఫిర్యాదు చేసినట్టే కాదు. తేలకపోతే ప్రతి కంపెనీకి అప్పీలు అధికారి ఉండాలని నియమం ఉంది, వాళ్ళ వివరాలు కంపెనీ వెబ్‌సైటులో ఉండాలి. ట్రాయ్ ఒక్కొక్కరి ఫిర్యాదులు తీసుకోదు. కాబట్టి ట్రాయ్‌కి ఉత్తరం రాసి ఎదురుచూడొద్దు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. అక్కడ తెలుగులో మాట్లాడొచ్చు.

ఇక ఒక్క విన్నపం చేసి కూర్చుంటాను. ప్రతి ఊళ్ళో మన సంఘ భవనాలు ఉన్నాయి. చాలావాటికి తాళం పెళ్ళిళ్ళకే తీస్తారు. ఒక్కో భవనంలో మంచి ఫైబరు లైను ఒకటి, రెండు బల్లలు, ఒక బ్యాటరీ పెట్టె పెడితే, ఇంట్లో లైను పెట్టుకోలేని నేతన్న బిడ్డ అక్కడ కూర్చుని పరీక్ష ఫారం నింపుకుంటుంది. ఒంటరిగా ఉన్న మగ్గం అక్క వచ్చి తన చీరల ఫోటోలు పంపుకుంటుంది. ఇంతకుముందు చెప్పిన లెక్క ప్రకారం చూస్తే ఏడాదికి అయ్యే ఖర్చు ఒక పెళ్ళి పందిరి అద్దె కంటే తక్కువే. కార్యవర్గం వాళ్ళు దీన్ని ఎజెండాలో పెట్టాలని కోరుతున్నాను. ఏ ఊరి సంఘమైనా ముందుకొస్తే ఏ లైను తీసుకోవాలో చూసి, బిగించి ఇచ్చే పని నాది, కూలి లేకుండా.